మా అత్త పెట్టిన పథ్యం

మా ఆయనకు పేగు జారిందని ముందు కనిపెట్టింది నేనే. ఒక ఆదివారం కుళాయి దగ్గర స్నానం చేసి వచ్చి, గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటూ దగ్గాడు. దగ్గేసరికి తడి లుంగీ కింద కుడి గజ్జ దగ్గర నిమ్మకాయంత ఉబ్బు పైకి వచ్చింది. దగ్గు ఆగినా అది పోలేదు. మంచం మీద వెల్లకిలా పడుకున్నాక ఎటు పోయిందో పోయింది.

"బావా, అదేటి?" అన్నాను.

"గేసు," అన్నాడు.

గజ్జల్లో గ్యాసు ఎలా చేరుతుందో నాకు అర్థం కాలేదు. ఆయన నాకు మేనత్త కొడుకు, లాగూలు వేసుకునే వయసు నుంచి ఎరిగిన మనిషి. అబద్ధమాడేటప్పుడు చెవి గోక్కుంటాడు. ఆ రోజు రెండు చెవులూ గోక్కున్నాడు.

మేం అప్పుడు బెంగాలీల ఊళ్ళో, మెటియాబ్రుజ్ పేటలో, ఓడరేవు డాక్ గోడకు ఇవతలి బస్తీలో ఉండేవాళ్ళం. ఒక పక్క దర్జీల మిషన్ల చప్పుడు, ఇంకో పక్క ఓడల కూతలు. ఎర్ర జెండా సర్కారు వచ్చి కొన్నేళ్ళయింది, మా సందు గోడల మీద సున్నం కన్నా నినాదాలే ఎక్కువ ఉండేవి. మా వరసలో ఇళ్ళన్నీ శ్రీకాకుళం వాళ్ళవే. చివరి గదిలో మాత్రం ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను అందరం బౌదీ అనేవాళ్ళం, అంటే వదిన. నేను పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే కాబట్టి నాకు బెంగాలీ తెలుగంత సులువు. మా అత్త మాత్రం ముప్పై ఏళ్ళు ఉండి కూడా బెంగాలీ నేర్చుకోలేదు. వాళ్ళే తన మాట నేర్చుకుంటారని ఎదురు చూసిందేమో.

మా ఆయన ఓడ అడుగున బస్తాలెత్తే గ్యాంగులో పని చేసేవాడు. ఆ పని ఒక్కడు చేసేది కాదు, జతగా చేసేది. బస్తాకు ఇద్దరు. చెరో మూలా కొక్కెం తగిలించి, ఒక్క ఊపులో లేపి, క్రేన్ వలలో పడేస్తారు. ఊపు కలవకపోతే ఇద్దరి నడుములూ పోతాయి. అందుకే జతగాళ్ళను ఊరికే మార్చరు. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు నాలుగు రోజులు ఎవరితోనో సర్దుకుంటాడు. అంతకు మించి రాకపోతే కొత్త జత కుదిరిపోతుంది. జత పోయినవాడికి తాళ్ళు చుట్టడం, అడుగున చిందిన గింజలు ఊడవడం లాంటి పనులు మిగులుతాయి. మా ఆయన బస్తాలెత్తడం మొదలుపెట్టింది మీసం సరిగ్గా రాకముందు. ఆ చేతులకు చీపురు ఇస్తారన్న భయంతో దాచాడు. దూరాన భవానీపూర్‌లో ఒక మందుల దుకాణంలో ఉబ్బును అదిమిపెట్టే తోలు నడికట్టు కొనుక్కుని, లుంగీ లోపల బిగించుకుని పనికి వెళ్తున్నాడని తర్వాత తెలిసింది. నాకు తెలియకుండా భవానీపూర్ వెళ్ళి రావడమే పెద్ద సాహసం ఆ మనిషికి.

దాచడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా మామ, అంటే ఆయన తండ్రి, అదే డాక్‌లో బస్తాలెత్తినవాడు. ఆయనకూ ఇలాగే పేగు జారేదట. మా ఆయన బాగా చిన్నప్పుడు, కడుపు నొప్పని ఆసుపత్రికి తీసుకెళ్తే ఆయన తిరిగి రాలేదు. అంతకు మించి మాకేమీ తెలియదు. ఎవరైనా అడిగితే మా అత్త లేచి వేరే పనిలోకి వెళ్ళిపోయేది.

గుట్టు రట్టు చేసినవాడు మా ఆయన జతగాడు. మా వరసలోనే ఉండే కుర్రాడు, మా ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. నోరు ఊరుకోదు గానీ మనసు వెన్న. ఒక రోజు పని మధ్యలో మా ఆయన్ని భుజం పట్టి ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు పేగు బయటికొచ్చి లోపలికి వెళ్ళలేదట. బస్తాల మీద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పట్టుకుని, అది వెనక్కి పోయేదాకా అందరూ చుట్టూ నిలబడ్డారట.

"వదినా, నాను ఇంక దాసలేను," అన్నాడు. "ఈయన ఆపరేషన్ సేయించుకోకపోతే నాను డాక్‌కే ఎల్లను. జత గురించి బెంగెట్టుకోవద్దని సెప్పు. ఎన్నాళ్ళైనా ఆగుతాను. ఎవులితోనూ బస్తా ఎత్తను."

మా అత్త పొయ్యి దగ్గర కూర్చుని వింటోంది. ఆసుపత్రి పేరెత్తితేనే కయ్యానికి వచ్చే మనిషి. ఆవిణ్ణి ఒప్పించాలంటే రామాయణమంత కథ చెప్పాలని నేను లోపల మాటలు కూర్చుకుంటున్నాను. ఆవిడ లేచి, చేతులు కడుక్కుని, కొడుకు లుంగీలు రెండు మడత పెట్టి సంచిలో పెట్టింది.

"ఎల్లండి. ఆలీసం సేయొద్దు," అంది. నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది.

సర్కారు ఆసుపత్రిలో మంచం దొరకడానికి కొంత తిరగాల్సి వచ్చింది. యూనియన్ వాళ్ళలో ఒకరు వెంట వచ్చి సాయం చేశారు. ఆపరేషన్ చేసే డాక్టర్‌బాబు కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి యువకుడు. మా ఆయన్ని పడుకోబెట్టి, నిలబెట్టి, దగ్గమని, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. పొట్ట గోడలో ఒక చోట బలం తగ్గి చిల్లు పడిందట. పేగు అందులోంచి బయటికి తొంగి చూస్తోందట. దాన్ని లోపలికి నెట్టి, గోడ కుట్టేస్తే సరిపోతుందట. "కుట్టడం నా పని. ఆ కుట్టు తెగకుండా చూసుకోవడం మీ పని," అన్నాడు. మూడు నెలలు బరువెత్తకూడదు, ముక్కకూడదు, గట్టిగా దగ్గకూడదు. కుట్టు విడిపోతే రెండోసారి కుట్టడం కష్టం, బస్తాలెత్తడం ఇక మరిచిపోవాలి అన్నాడు. డాక్‌లో పట్టుబడిన బెంగాలీతోనే ఆ చివరి మాట మా ఆయనకు నేను చెప్పకుండానే అర్థమైంది.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం మంగలి వచ్చి కింద అంతా గొరిగి వెళ్ళాడు. మా ఆయన సిగ్గుతో దుప్పటి ముసుగేసుకున్నాడు. వార్డు సిస్టర్‌ను దిది, అంటే అక్క, అని పిలిచేవాళ్ళం. ఆవిడ వచ్చి పొద్దున ఆపరేషన్ అయ్యేదాకా ఏమీ పెట్టొద్దంది. నీళ్ళు కూడా, ఒక్క చుక్క కూడా తాగించకూడదంది. నేను అత్తకు చెప్పాను.

అప్పుడు మా అత్త చేసిన కాపలా ఆ వార్డు చాలా రోజులు మరిచిపోయి ఉండదు. మా ఆయన మంచం పక్కనున్న కూజా తీసి వరండాలో పెట్టింది. తర్వాత పక్క మంచం ముసలాయన కూజా కూడా పెట్టి వచ్చింది. ఆయన దాహమని గోల చేస్తే, గ్లాసుతో తెచ్చిచ్చి, "అటు తిరిగి తాగు బాబూ, నా కొడుకు సూడకుండా," అంది తెలుగులోనే. దిదికి నవ్వు ఆగలేదు. ఇంత జాగ్రత్త గల తల్లిని చూడలేదని నాతో అంది. నాకైతే తల కొట్టేసినట్టయింది.

ఆపరేషన్ మత్తు ఇచ్చి చేయలేదు, నడుముకు సూది వేసి చేశారు. మా ఆయన మెలకువగానే ఉన్నాడు. కాసేపటికి కాళ్ళు ఎవరివో తెచ్చి తగిలించినట్టు అనిపించిందట. అడ్డంగా ఒక గుడ్డ కట్టారు కాబట్టి ఏమీ కనపడలేదు గానీ, డాక్టర్లు మాట్లాడుకోవడం వినిపించిందట. అంతసేపూ ఇలిశ చేప, అదే మన పులస, ఆవపిండితో వండితే బాగుంటుందా, పెరుగుతో వండితే బాగుంటుందా అని వాదించుకున్నారట. "నా పేగు సేతిలో ఎట్టుకుని సేపల గురించేటి!" అని తర్వాత అందరికీ చెప్పుకుని నవ్వించాడు. బయట మేం మాత్రం నవ్వలేదు. మా అత్త తలుపు మీద నుంచి కన్ను తీయలేదు. స్ట్రెచర్ బయటికి వచ్చి, మా ఆయన కళ్ళు తెరిచి మమ్మల్ని చూశాక, ఆవిడ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం కాళ్ళకు తిమ్మిరి వదిలింది, నొప్పి తెలిసింది. ఒంటేలు మాత్రం రాలేదు. నడుముకు సూది వేస్తే అలాగే అవుతుందని దిది చెప్పి, గది మూలనున్న కుళాయి తిప్పి వదిలింది. ఆ నీళ్ళ చప్పుడు వింటూ కాసేపు కూర్చోబెడితే పని అయింది. మర్నాడు లేపి నడిపించారు. మంచం మీద నుంచి ఎలా లేవాలో దిది నేర్పింది. తిన్నగా లేవకూడదు, ముందు పక్కకు తిరగాలి, మోచేయి ఆనించి, కాళ్ళు కిందికి వేసి, అప్పుడు లేవాలి. దగ్గు వస్తే తలగడ తీసి కుట్టు మీద అదుముకోవాలి. తుమ్ము వచ్చినా అంతే. గాయం చుట్టూ, కిందిదాకా, నేరేడు పండు రంగులో కమిలిపోయి వాచింది. అది చూసి నేను కేక పెడితే దిది, "అది అందరికీ అవుతుంది, తగ్గిపోతుంది. ఏడవకు," అని నా వీపు నిమిరింది.

నాలుగైదు రోజులకు పంపించేశారు, కుట్లు విప్పడానికి మళ్ళీ రమ్మన్నారు. టాక్సీలో ఇంటికి వచ్చాం. ఖిదిర్‌పూర్ దగ్గర ట్రామ్ పట్టాలు దాటాలి. నేను డ్రైవర్‌ను, "దాదా, మెల్లగా, కడుపు కోసిన మనిషి," అని బతిమాలాను. దాదా అంటే అన్న. ఆయన ప్రతి గుంతకూ ముందు "వస్తోంది!" అని అరిచేవాడు. మా ఆయన తలగడ అదుముకునేవాడు. మా అత్త కొడుక్కి రెండో పక్కన కూర్చుని, తను కూడా తన కడుపు పట్టుకునేది.

ఇంటికి వచ్చాక పథ్యం మొదలైంది.

పథ్యం సంగతి మాకు కొత్త కాదు. మా వాళ్ళలో బాలింతకైనా, కోత పడినవాళ్ళకైనా అదే. పాత బియ్యం అన్నం బిరుసుగా వండి, వేయించిన వెల్లుల్లి కారం కలిపి పెడతారు. నంజుకోవడానికి మెత్తళ్ళని చిన్న ఎండు చేపలు. ఆకుకూర లేదు, పండు లేదు, మజ్జిగ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు తాగనివ్వరు. నీళ్ళు తాగితే పచ్చి పుండుకు నీరు పట్టి చీము పడుతుందని నమ్మకం. నేను బాలింతగా ఉన్నప్పుడు మా అత్త నాకూ ఇదే పెట్టింది. అయితే నాకు పెట్టినప్పుడు దాహమంటే జాలిపడి అర గ్లాసు ఇచ్చేది. కొడుకు దగ్గర ఆ జాలి కూడా లేదు. పూటకు రెండు చెంచాల వాము నీళ్ళు, అది కూడా తన చేత్తో పోసేది. కుండ మీద మూత, మూత మీద తన చేయి.

"అత్తా, ఆసుపత్రోళ్ళు నీళ్ళు బాగా తాగమన్నారు. ఆకుకూరలు, పళ్ళు పెట్టమన్నారు. ముక్కితే కుట్లు తెగిపోతాయంట," అన్నాను.

"ఆల్లే కదేటే సుక్క నీరు పొయ్యొద్దన్నారు? నువ్వే కదేటి సెప్పినావు?"

"అది ఆపరేషన్ ముందు."

"ముందేటి, ఎనకేటి. కోసిన కడుపే కదా," అంది.

బౌదీ లేత కొబ్బరి బొండాం తెచ్చింది, జబ్బు మనిషిని చూడటానికి ఆ ఊళ్ళో ఎవరైనా తెచ్చేది అదే. అత్త దాన్ని మర్యాదగా తీసుకుని, మంచం కిందికి దొర్లించేసింది. మర్నాడు బౌదీ పచ్చి బొప్పాయి పులుసు చేసి తెచ్చింది, పేగులకు మంచిదని. అది బొప్పాయని నేను చెప్పగానే మా అత్తకు పూనకం వచ్చినంత పనైంది. "నా కొడుకుని సంపేత్తారేటి!" అంది. బౌదీకి మాట అర్థం కాలేదు, గొంతు మాత్రం అర్థమైంది. పాపం, గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలచుకున్నా మండుతుంది.

జతగాడు రోజూ పని నుంచి వస్తూ వచ్చేవాడు. ఇంకెవరితోనూ బస్తా ఎత్తనన్న మాట నిలబెట్టుకుని, అన్న వచ్చేదాకా తాళ్ళు చుట్టే పని తనే అడిగి తీసుకున్నాడు. వచ్చి కూర్చుని డాక్‌లో జరిగినవన్నీ నటించి చూపించేవాడు. మేస్త్రీ జారిపడటం, క్రేన్ డ్రైవర్ నిద్రపోవడం. నవ్వితే కుట్లు లాగుతాయి. మా ఆయన తలగడ అదుముకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "ఒరే, ఆపరా, సచ్చిపోతాను," అనేవాడు. నేను చీపురు తీసేదాన్ని. "వదినా, నానేటీ సేయనేదు, మేస్త్రీ పడిపోనాడని సెప్పినాను, అంతే!" అని వాడు గుమ్మం దాటేవాడు.

నవ్వుతున్నాడు గానీ మా ఆయన మొహం రోజు రోజుకూ వాడిపోయింది. పెదవులు ఎండిపోయి పగిలాయి. ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు విరేచనం కాలేదు. అత్త కుళాయికి వెళ్ళినప్పుడు నేను గ్లాసు నిండా నీళ్ళు ముంచి తెచ్చాను.

"తాగీ బావా, బేగి."

ఆయన గ్లాసు వంక చూశాడు. దాహం ఎంతగా ఉందో నాకు తెలుస్తూనే ఉంది. "ఒద్దే," అన్నాడు. "అమ్మకి తెలిస్తే బెంగెట్టుకుంటాది. ఆ సెంచా పట్టుకున్నప్పుడు సెయ్యి ఎలాగ వణుకుతాదో సూసినావా? దేనికో బయపడతాంది. పోనీ, ఇంకో నాలుగు రోజులు."

తల్లి మీద అంత ప్రేమ ఉన్నవాడితో ఏం వాదిస్తాం? గ్లాసు నేనే తాగేశాను, కోపంతో.

ఒక పొద్దున బస్తీ మరుగుదొడ్డికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని, రెండో చేత్తో గజ్జ అదుముకుని వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచం మీద కూలబడి, "ఒలే, ఏదో తెగినట్టుంది," అన్నాడు. కట్టు తీసి చూస్తే కుట్ల కింద పొంగి గట్టిగా తగిలింది. పడుకున్నా పోలేదు. అత్త చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి రిక్షా తెచ్చింది.

పెద్ద రోడ్డెక్కేసరికి ఊరేగింపు. కనుచూపు మేర ఎర్ర జెండాలు. అయిపోయిందనుకున్నాను. నేను దిగి, కడుపు ఆపరేషన్ మనిషి, దారి ఇమ్మని అరిచాను. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, ఎవరో చెయ్యి ఎత్తగానే జనం రెండుగా విడిపోయారు. ఇద్దరు కుర్రాళ్ళు జెండాలు పక్కవాళ్ళకు ఇచ్చి, గుంతల దగ్గర రిక్షా చక్రాలు పట్టుకుని కుదుపు లేకుండా దాటించారు. ఆ ఊరిని ఎవరేమన్నా నాకు కోపం రావడానికి అలాంటివి కొన్ని కారణాలున్నాయి.

ఆసుపత్రిలో అదే డాక్టర్‌బాబు ఉన్నాడు. మా ఆయన్ని పడుకోబెట్టి వేళ్ళతో నొక్కి చూశాడు, మెల్లగా దగ్గమన్నాడు, మళ్ళీ నొక్కి చూశాడు. మా అత్త మంచం ఇనప కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను డాక్టరు మొహంలోకి చూడలేక ఆయన చేతులు చూస్తున్నాను.

"కుట్టు ఉంది. తెగలేదు," అన్నాడు. వాపు గాయానిదేనట, గట్టిగా ముక్కడం వల్ల ఎక్కువైందట. "కానీ ఇంకో రెండు రోజులు ఇలాగే ముక్కితే తెగి ఉండేది. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నాడు?"

నేను అత్త వంక చూశాను. డాక్టరు కూడా అటే చూశాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను, వెల్లుల్లి కారం, మెత్తళ్ళు, రెండు చెంచాల వాము నీళ్ళు. ఆయనకు కోపం వచ్చింది. "కొడుకును ఎండబెట్టి చంపుదామనుకున్నారా, మాషీమా?" అన్నాడు. మాషీమా అంటే పిన్ని, పెద్దవాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు. మందలింపులో కూడా ఆ పిలుపు వదల్లేదు.

"ఏటంటన్నాడే?" అంది అత్త.

చెప్పాను. మెత్తగా చెప్పే ఓపిక నాకు అప్పుడు లేదు.

అత్త మంచం కమ్మీ వదిలి డాక్టరు వైపు తిరిగింది. తర్వాత, "ఆ బాబుని ఒకటి అడుగు," అంది. "వీడి అయ్యని కూడా ఇలాగే తెచ్చినాం. పేగు బయటికొచ్చి లోపలికి పోనేదు. రెండు రోజులు ఇంట్లోనే కక్కుకున్నాడు, ఆ తరవాత తెచ్చినాం. ఆపరేషన్ సేత్తాం, సుక్క నీరు పొయ్యొద్దన్నారు. ఆయన దాహం దాహం అన్నాడు. నా సెయ్యి పట్టుకుని అడిగినాడు. ఎవులూ సూడకుండా నాను పోసినాను. గెంట తిరగకుండా ఎల్లిపోనాడు. నానే సంపేసినానా? అడుగు."

మంచం మీద మా ఆయన మోచేయి ఆనించి లేవబోయాడు. ఆ మాట ఆయన కూడా వినడం అదే మొదలు. ఇన్నేళ్ళూ ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు దాన్ని బెంగాలీలో అడగాల్సింది నేను. అడిగాను. చివరి ముక్క, "ఆవిడే చంపేసిందా అని అడుగుతోంది," అనేసరికి నాకు ఏడుపు వచ్చేసింది. ఆవిడ మీదున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

డాక్టర్‌బాబు కళ్ళజోడు తీసి, స్టూలు లాక్కుని మా అత్త ఎదురుగా కూర్చున్నాడు. "ఆపరేషన్ మొదలుపెట్టారా, మాషీమా?"

"నేదు. తీసుకెల్లకముందే పోనాడు," అంది, నేను తెలుగు చేసి అడిగాక.

"అయితే వినండి. నేను అప్పుడు అక్కడ లేను. అయినా పేగు రెండు రోజులు ఇరుక్కుపోతే దానికి నెత్తురు అందదు, అది కుళ్ళిపోతుంది. మీరు ఆసుపత్రికి తెచ్చేసరికే అది చచ్చిపోయి ఉంటుంది. మనిషిని తీసుకెళ్ళింది అదే. నీళ్ళు వద్దనేది మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఆయనకు మత్తే ఇవ్వలేదు. మీరు పోసిన నీళ్ళ వల్ల ఆయన పోలేదు."

నేను ఒక్కో మాటా తెలుగు చేసి చెప్పాను. అత్త తల ఊపుతూ వింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. "ఇంకోసారి సెప్పమను," అంది. ఆయన విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నేనూ మళ్ళీ చెప్పాను.

విరేచనానికి మందిచ్చి పంపించారు. కుట్లు మరో రెండు రోజులాగి విప్పారు. మూడు నెలల తర్వాత మా ఆయన తిరిగి జతగాడి పక్కనే కొక్కెం పట్టుకున్నాడు, చాలా ఏళ్ళు ఇద్దరూ కలిసే పని చేశారు. అవన్నీ తర్వాతి మాటలు. ఆ రోజు మాత్రం ముగ్గురం ఒకే రిక్షాలో ఇరుక్కుని బయల్దేరాం. మా ఆయన తల్లి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక నేను ఆయన్ని పక్కకు తిప్పి మెల్లగా పడుకోబెట్టాను. అత్త కుండ మీద మూత తీసింది. పెద్ద గ్లాసు ముంచి, తెచ్చి, మంచం పక్కన నిలబడింది. ఆయన గటగటా తాగేశాడు. ఇంకో గ్లాసు ముంచింది. అదీ తాగాడు. నన్ను బౌదీ ఇంటికి పంపించి బొప్పాయి పులుసు ఉంటే అడిగి తెమ్మంది. బౌదీ ఒక్క మాట దెప్పకుండా గిన్నె నింపి ఇచ్చింది. నేను తిరిగి వచ్చేసరికి అత్త మూడో గ్లాసు పట్టుకుని ఉంది. చెయ్యి వణకడం లేదు గానీ కళ్ళు ధారలుగా కారుతున్నాయి.

"సాలమ్మా," అంటున్నాడు మా ఆయన. "కడుపు పగిలిపోయేటట్టుంది."

"తాగు నాయనా. మీ అయ్య గెలాసుడు అడిగినాడు. నాను బయపడి గుక్కెడే పోసినాను."

మా ఆయన గ్లాసు అందుకుని చుక్క మిగల్చకుండా తాగాడు. తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ తల్లి వైపు చాచాడు.